ఒకే చెరువు, ఎన్ని సబ్జెక్టులు

ఇంటర్ ఫిజిక్స్ ల్యాబులో లఘులోలకం ప్రయోగం చేయని సైన్స్ విద్యార్థి ఉండడు. మీటరు పొడవున దారం, చివర ఇత్తడి గుండు, చేతిలో స్టాప్‌వాచ్. 20 డోలనాలకు ఎంత సమయం పట్టిందో చూసి, లెక్కగట్టి, గురుత్వ త్వరణం విలువ రాయాలి. ఏ కాలేజీలోనైనా రికార్డులు తెరిచి చూడండి, క్లాసు క్లాసంతా సెంటీమీటర్ల లెక్కలో 980 అనే రాసి ఉంటుంది. మరీ జాగ్రత్తపరుడైతే 979.6 అని రాస్తాడు.

నిజంగా ప్రయోగం చేస్తే ఇంత చక్కగా రాదు. 20 డోలనాలకు స్టాప్‌వాచ్ 40.5 సెకన్లు చూపిస్తే జవాబు 963 దగ్గర తేలుతుంది. 39.8 చూపిస్తే 997 వస్తుంది. బటన్ నొక్కే వేలు అర సెకను అటూ ఇటూ అయితే చాలు, ఇంత తేడా వచ్చేస్తుంది. పైగా హైదరాబాద్‌లో ఆ విలువ అసలు 980 కాదు, 978 చిల్లర. భూమధ్యరేఖకు దగ్గరయ్యే కొద్దీ, నేల ఎత్తు పెరిగే కొద్దీ అది కాస్త తగ్గుతుంది. అంటే ఆ గదిలో లేని విలువను అరవై మంది పిల్లలు పొల్లు పోకుండా పట్టుకున్నారన్నమాట. ఎలా పట్టుకున్నారంటే, వెనక నుంచి. ముందు 980 అనుకుని, దానికి ఎంత సమయం పట్టాలో లెక్కేసి, 40.1, 40.2, 40.1 అని మూడు రీడింగులు పుట్టిస్తారు. ల్యాబు భాషలో దీని పేరు బ్యాక్ కాలిక్యులేషన్. 963 రాస్తే మార్కులు పోతాయని టెన్షన్. ఆ ప్రయోగం నేర్పాల్సిందేమో మనిషి చేతిలో ఎంత పొరపాటు ఉంటుంది, దాన్ని ఎలా లెక్కలోకి తీసుకోవాలి అన్న సంగతి. రికార్డులో కనిపించనిది సరిగ్గా అదే.

పదహారేళ్ల వయసులో పడ్డ ఈ అలవాటు డిగ్రీ ప్రాజెక్టు దాకా, పీజీ డిసర్టేషన్ దాకా, కొందరిలో పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం దాకా వస్తుంది. జవాబు ముందే తెలుసు, దానికి తగ్గ ఆధారాలు తర్వాత సమకూరతాయి. దీన్ని విద్యార్థుల బద్ధకం కింద కొట్టిపారేయడం సులువు. కానీ వాళ్లకు అప్పగించే పనిని గమనిస్తే వేరే సంగతి తెలుస్తుంది. మన కాలేజీల్లో విద్యార్థికి ఇచ్చేది టాపిక్. 'గ్రామీణ నీటి వనరులు – ఒక అధ్యయనం' అంటారు. అందులో ప్రశ్న లేదు. ప్రశ్న లేనప్పుడు దేన్ని వెతకాలో తెలియదు, దొరికినదంతా ఎక్కించేయడమే మిగులుతుంది. ఆపైన ఆధారం అనేది ఒక్కో సబ్జెక్టులో ఒక్కో చోట ఉంటుంది. చరిత్ర విద్యార్థికి కాగితంలో, కెమిస్ట్రీ విద్యార్థికి సీసాలో, ఎకనామిక్స్ విద్యార్థికి ఎదుటి మనిషి నోట్లో. అందరికీ ఇచ్చే మూస మాత్రం ఒకటే: ఉపోద్ఘాతం, లక్ష్యాలు, పద్ధతి, విశ్లేషణ, ముగింపు.

ఉదాహరణకు ఒక చెరువును తీసుకుందాం. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువుకు ఆరున్నర శతాబ్దాలు దాటాయి. దాన్ని తవ్వించింది విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు. చెరువు ఎలా తవ్వించారో చెప్పే సంస్కృత శాసనం ఉంది. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో లెక్క. అంతకంటే విలువైనది ఇంకొకటి ఉంది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో వరసగా చెప్పారు. కట్ట నుంచి నీరు కారడం, ఉప్పు నేల, చెరువు నడుమ మెట్ట ఉండటం, నీళ్లు తక్కువై భూమి ఎక్కువ కావడం, నీళ్లెక్కువై భూమి తక్కువ కావడం. మిగిలిన దోషం, చెరువు రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం. కృష్ణా జలాల వార్తలు చదివే తెలుగువాళ్లకు ఈ ఆరో దోషాన్ని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ శాసనం ఒక చరిత్ర విద్యార్థి చేతికొచ్చిందనుకుందాం. మొదటి మెట్టు తేదీ. శాసనంలో ఉన్నది శక సంవత్సరం 1291. దానికి 78 కలిపితే 1369. పుష్యం చివర్లోనో, మాఘ ఫాల్గుణాల్లోనో వేసిన శాసనమైతే ఇంగ్లిష్ ఏడాది మారిపోతుంది కాబట్టి 79 కలపాలి. చాలా శాసనాల్లో శక సంఖ్యతోపాటు సంవత్సరం పేరు కూడా ఉంటుంది. 1369లో వచ్చింది సౌమ్య. కానీ సౌమ్య అరవై ఏళ్లకోసారి వస్తుంది, 2029 ఉగాదికి మళ్లీ వస్తుంది. రాయి అరిగిపోయి పేరొక్కటే మిగిలితే, ఏ సౌమ్యో తేల్చడానికి రాజు పేరు, లిపి తీరు, తిథి వారాలు అన్నీ కలిపి చూడాలి. ఈ తేల్చే పనే చరిత్ర విద్యార్థి అసలు పని. ప్రాజెక్టు రిపోర్టుల్లో ఇది ఒక్క వాక్యంలో అయిపోతుంది, 'ఈ చెరువు 1369లో నిర్మించబడింది' అని.

రెవెన్యూ కాగితాల్లోకి వస్తే ఇంకో తలనొప్పి, ఫసలీ, అంటే పన్ను లెక్కల కోసం వాడిన సంవత్సరం. మన ప్రాంతంలో ఫసలీకి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. తెలంగాణలో భూమి గొడవల మీద రాసే ప్రతి విద్యార్థికీ ఎదురయ్యే భూమి రెవెన్యూ చట్టం పేరులోనే 1317 ఫసలీ అని ఉంటుంది. అంటే 1907. ఫసలీ అన్న మాట కంటపడకపోతే ఆ చట్టం కాకతి ప్రతాపరుద్రుడి హయాంలోకి వెళ్లి కూర్చుంటుంది, ఎందుకంటే క్రీ.శ. 1317లో ఓరుగల్లు గద్దె మీద ఉన్నది ఆయనే.

తర్వాత కైఫియత్తులు. కడప ప్రాంతం 1800లో నిజాం చేతుల్లోంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. ఆ తర్వాతి రెండు దశాబ్దాల్లో కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి స్థానిక చరిత్రలు రాయించారు, అవే కైఫియత్తులు. కావలి సోదరులు అందులో ముఖ్యులు. ఆ తర్వాత సి.పి. బ్రౌన్ వాటిని శుద్ధప్రతులు రాయించాడు. కైఫియత్తులో చెరువు పుట్టుక గురించి మంచి కథ ఉంటుంది, ఏ రాజు తవ్వించాడు, ఎవరికి ఏ మాన్యం ఇచ్చాడు వగైరా. విద్యార్థి దాన్ని అలాగే దించేస్తాడు. అడగాల్సిన ప్రశ్న, ఇది చెప్పిందెవరు అన్నది. చాలా చోట్ల చెప్పింది ఊరి కరణం. కొత్త దొరతనం వచ్చింది, ఏ మాన్యం ఉంచాలి, ఏది తీసేయాలి అన్న లెక్కలు నడుస్తున్నాయి. చెరువు మరమ్మతు చేసినందుకు అనుభవించే దశబంధ మాన్యం మీ తాతల నాటిదని నిరూపించుకోవాల్సిన రోజుల్లో, చెరువు కథ కాస్త పాతబడటంలో ఆశ్చర్యం లేదు. అందుకని కైఫియత్తు అబద్ధమని తోసేయనక్కర్లేదు. 1369 గురించి అది ఏం చెప్పినా, 1810 ప్రాంతంలో ఆ ఊరివాళ్లకు ఏం కావాల్సి వచ్చిందో మాత్రం బాగా చెబుతుంది. ఇలా చదవడం నేర్పితే డిగ్రీ రెండో ఏడాది పిల్లలు కూడా బ్రహ్మాండంగా రాస్తారు.

ఇరవయ్యో శతాబ్దానికి వస్తే పత్రికలున్నాయి. వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం పాత పత్రికల ఫైళ్లకు పేరు పడింది. తుపాను వచ్చిన ఏడాది ఏ చెరువుకు గండి పడిందో, ఎవరు పూడ్చారో, ఎవరి మీద పిటిషన్ పెట్టారో జిల్లా వార్తల్లో ఓ మూల దొరుకుతుంది. పాత తెలుగు పత్రికలు చాలావరకు స్కాన్ అయి ఆన్‌లైన్‌లో కూడా ఉన్నాయి. అయితే అవి బొమ్మలు. అందులో మాట కొట్టి వెతకలేం, పేజీ పేజీ తిప్పాల్సిందే. వారం రోజులు తిప్పితే మూడు వార్తలు దొరకొచ్చు, ఆ మూడే ఆ విద్యార్థి సొంత ఆస్తి. అంత టైము ఇచ్చే సెమిస్టర్ మాత్రం లేదు.

అదే చెరువు దగ్గరికి జువాలజీ లేదా కెమిస్ట్రీ విద్యార్థి వెళ్తే చూసేది నీటిలో కరిగిన ఆక్సిజన్. దాన్ని కొలిచే వింక్లర్ పద్ధతి అందరూ పుస్తకంలో చదివినదే. మూత బిగించే సీసాలో బుడగ రాకుండా నీళ్లు పట్టాలి. వెంటనే, అక్కడే గట్టు మీద, మాంగనస్ సల్ఫేట్, ఆ తర్వాత క్షార అయొడైడ్ కలపాలి. ఆక్సిజన్ ఉంటే గోధుమ రంగు అవక్షేపం దిగుతుంది, లేకపోతే తెల్లగా ఉండిపోతుంది. ఆ తర్వాత ల్యాబులో ఆమ్లం కలిపి, థయోసల్ఫేట్‌తో టైట్రేషన్ చేయొచ్చు. తరచూ జరిగేది ఏమిటంటే, నీళ్లను మామూలు వాటర్ బాటిల్‌లో పట్టి, బస్సులో రెండు గంటలు ప్రయాణం చేసి, మర్నాడు ల్యాబు తాళం తీశాక రసాయనాలు కలపడం. అప్పుడు కొలిచేది చెరువులో ఉన్న ఆక్సిజన్ కాదు, బాటిల్లో మిగిలిన ఆక్సిజన్. ఇంకో సంగతి కూడా ఉంది. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ అడుగంటి ఉంటుంది, ఎందుకంటే రాత్రంతా నాచు, చేపలు, సూక్ష్మజీవులు అన్నీ దాన్ని వాడుకోవడమే. మధ్యాహ్నం ఎండలో మొక్కలు వదిలే ఆక్సిజన్‌తో అది పెరుగుతుంది. చేపలు చచ్చి తేలే ఘటనలు ఎక్కువగా తెల్లవారుజామునే ఎందుకు జరుగుతాయో ఇక్కడ తెలుస్తుంది. కాబట్టి లీటరుకు 6.2 మిల్లీగ్రాములు అన్న అంకె పక్కన ఎన్ని గంటలకు పట్టారో లేకపోతే దానికి అర్థం లేదు. ఎన్నో రిపోర్టుల్లో ప్రయోగ సూత్రం రెండు పేజీలుంటుంది, సమయం మాత్రం ఉండదు.

ఎకనామిక్స్, సోషియాలజీ వాళ్ల సంగతి ఇంకా క్లిష్టం, ఎందుకంటే వాళ్ల ఆధారం ఎదురు మాట్లాడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020–21లో వచ్చిన కొత్త డిగ్రీ పాఠ్యప్రణాళికతో ప్రతి విద్యార్థికీ 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు తప్పనిసరి అయింది. తెలంగాణ ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో జిజ్ఞాస పేరుతో విద్యార్థుల స్టడీ ప్రాజెక్టులు నడుస్తున్నాయి. లక్షల మంది పిల్లలు ప్రశ్నపత్రం పట్టుకుని ఇళ్ల తలుపులు తట్టడం అనేది కాగితం మీద గొప్ప విషయం. జరిగే తీరు చూద్దాం. చెరువు ఆయకట్టు కింద ముప్పై ఇళ్లు. ప్రశ్న: 'మీకు ఎన్ని ఎకరాల భూమి ఉంది?' ఒకాయన రెండెకరాలన్నాడు, రాసుకున్నారు. ఆయన ఇంకో అయిదెకరాలు కౌలుకు చేస్తున్నాడు, అది ఎవరూ అడగలేదు. పక్కింటాయన అయిదెకరాలన్నాడు, పాస్‌బుక్ కూడా చూపించాడు, కానీ ఆయన ఆ పొలం దున్ని పదేళ్లయింది. పట్టికలో మొదటాయన సన్నకారు రైతు, రెండో ఆయన చిన్నకారు రైతు. చెరువు ఎండితే నష్టపోయేది ఎవరన్న ప్రశ్నకు ఈ పట్టిక తలకిందుల జవాబు చెబుతుంది.

'ఎన్ని ఎకరాలు ఉన్నాయి' అనే బదులు 'ఈ ఏడు ఎన్ని ఎకరాలు సాగు చేశారు, అందులో సొంతం ఎంత, కౌలు ఎంత' అంటే చాలు. అదీ ఎక్కడ అడిగామన్నది ఇంకో లెక్క. ఆంధ్రప్రదేశ్ 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతుకు కార్డు రావాలంటే యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమానికి భయం, పేరు బయటపెడితే వచ్చే ఏడు కౌలు దక్కదేమోనని రైతుకు భయం. రచ్చబండ దగ్గర పదిమందిలో అడిగితే ఒక జవాబు, సాయంత్రం ఇంటి అరుగు మీద అడిగితే ఇంకో జవాబు వస్తాయి. రెండూ నమోదు చేసి, ఎందుకు తేడా వచ్చిందో రాసిన విద్యార్థి ఎకనామిక్స్ నేర్చుకున్నట్టే.

మనకు మామూలుగా దొరికేది మాత్రం 66.67 శాతం. ముప్పై ఇళ్లలో ఇరవై ఇళ్లవాళ్లు అవునన్నారు. దాన్ని రెండు దశాంశ స్థానాలదాకా లాగి, రంగుల పై చార్టు వేసి, కింద 'పై చిత్రం ద్వారా 66.67 శాతం మంది అవునని చెప్పినట్లు తెలుస్తోంది' అని మళ్లీ రాస్తారు. ఒక్క ఇల్లు అటు మారితే మూడు శాతానికి పైగా కదిలే లెక్కలో ఆ .67కి ఏం విలువ ఉందో ఎవరూ అడగరు. లఘులోలకం 980కీ దీనికీ చుట్టరికం దగ్గరిదే.

తెలుగు ఎంఏ విద్యార్థికి చెరువులో ఏముంటుంది అనుకోవచ్చు. అందరికంటే ఎక్కువే ఉంది. చెరువు నిండి పొర్లే చోటును కొన్ని జిల్లాల్లో అలుగు అంటారు, తెలంగాణలో మత్తడి అంటారు, రాయలసీమలో మరువ, నెల్లూరు వైపు కలుజు. ఏ మాట ఏ ఊరి దగ్గర ఆగిపోయి ఏ మాట మొదలవుతుందో పటం గీస్తే అదే మంచి పరిశోధన. ఇలాంటి పనికి తెలుగులో గట్టి పునాది ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో ఊళ్లు తిరిగి రైతుల నోటి మాటలు పోగుచేసి తెచ్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం 1962లోనే వచ్చింది, అది వ్యవసాయ పదాలదే. 1950ల్లో బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో జానపద గేయాల మీద పీహెచ్‌డీ చేశారు, అప్పటికి పాటలను సాహిత్యంగా లెక్కేయనివాళ్లే ఎక్కువ. ఇద్దరికీ ఆధారం మనుషుల నోట్లో దొరికింది.

మాట వెనక మాట వెతకడంలో ఎంత జాగ్రత్త కావాలో చెప్పడానికి శిఖం భూమి ఒక్కటి చాలు. చెరువు నిండినప్పుడు మునిగి, ఎండినప్పుడు తేలే భూమిని తెలంగాణలో శిఖం అంటారు. రాత చూసి దాన్ని సంస్కృతంలోని శిఖతో ముడిపెడితే పైభాగం, కొన అన్న అర్థం వస్తుంది. అసలు మాట పారశీకం నుంచి వచ్చిన షికం, అంటే కడుపు. చెరువు కడుపులో ఉన్న భూమి. నిఘంటువు తిరగేయకుండా రాసిన వ్యుత్పత్తి చెరువు అడుగును కొండెక్కిస్తుంది.

ఇంత సరుకు ఉండగా తెలుగు శాఖల్లో ఇప్పటికీ జోరుగా నడిచే శీర్షిక 'ఫలానా వారి నవలలు – సమగ్ర పరిశీలన'. పరిశీలన బదులు అనుశీలన అనో, 'జీవితం – సాహిత్యం' అనో మార్చుకోవచ్చు. మొదటి అధ్యాయం 'నవల – పుట్టుక, పరిణామం'. ఏ నవలాకారుడి మీద రాసినా నవల మళ్లీ మొదటి నుంచి పుట్టాల్సిందే. రెండో అధ్యాయం రచయిత జీవితం, మూడు నుంచి కథాసారాలు. కథాసారం చెప్పడం విమర్శ కాదన్న మాట గైడుకూ తెలుసు, విద్యార్థికీ తెలుసు, కానీ పేజీలు నిండాలి కదా.

లా విద్యార్థి ఇదే చెరువు మీద రాస్తే 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దగ్గర ఆగుతాడు. చెరువులు, కుంటలు సమాజానికి చెందిన వనరులని కోర్టు చెప్పిన తీర్పు అది. తీర్పు పెద్దదేమీ కాదు, కూర్చుంటే అరగంటలో చదవొచ్చు. అయినా ఎక్కువమంది ఉటంకించేది పైన ఎవరో ఎడిటర్ రాసిన హెడ్‌నోట్‌నే. ఇంజినీరింగ్ వాళ్ల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అమీర్‌పేటలో రెడీమేడ్ ప్రాజెక్టులు దొరుకుతాయన్నది బహిరంగ రహస్యం. ఈమధ్య ఎక్కువగా కనిపించేది నెట్‌లో దొరికిన డేటా తీసుకుని, మోడల్ నడిపి, 95 శాతం కచ్చితత్వం వచ్చిందని రాయడం. వంద నమూనాల్లో 95 బాగున్నవే అయితే, అన్నింటినీ బాగున్నాయని చెప్పే మోడల్‌కు కూడా 95 శాతం వస్తుంది. పాడైన అయిదింటిలో ఎన్ని పట్టుకుందో అడిగితే చాలు, ప్రాజెక్టు ఎవరు చేశారో తేలిపోతుంది.

కాపీ గురించి మాట్లాడకుండా ఈ చర్చ పూర్తి కాదు. యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల్లో శాతాల లెక్క ఉంది. ఇతరుల రాతతో పోలిక 10 శాతం లోపు ఉంటే ఇబ్బంది లేదు. 10 నుంచి 40 మధ్య ఉంటే ఆరు నెలల్లోపు సరిచేసి మళ్లీ ఇవ్వాలి. 40 దాటితే ఏడాది దాకా ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. విషయసూచిక, కృతజ్ఞతలు, గ్రంథసూచి లాంటివి ఈ లెక్కలోకి రావు. ఉద్దేశం మంచిదే. జరిగింది ఏమిటంటే, విద్యార్థుల దృష్టి 'నేను కొత్తగా ఏం చెప్పాను' నుంచి 'పర్సెంటేజ్ ఎంత వచ్చింది' వైపు తిరిగింది. వాక్యాన్ని తిప్పి రాసి, మాటలు మార్చి, 38ని 9కి దించే విద్య ఒకటి బయల్దేరింది. దానికి డబ్బులు తీసుకుని చేసిపెట్టేవాళ్లూ ఉన్నారు.

తెలుగులో రాసే సిద్ధాంత గ్రంథాలకు ఈ లెక్క ఇంకో వింత దారి పట్టింది. చాలా ఏళ్లపాటు మన థీసిస్‌లు డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో తయారయ్యాయి, ఇప్పటికీ అవుతున్నాయి. తెర మీద తెలుగు అక్షరాలే కనిపిస్తాయి గానీ ఫైలు లోపల ఉండేవి రోమన్ అక్షరాల, గుర్తుల కోడ్లు. ఆ పీడీఎఫ్‌లో 'చెరువు' అని వెతికితే ఒక్కటీ దొరకదు. అక్కడి నుంచి ఒక పేరా కాపీ చేసి వేరే చోట అతికిస్తే అర్థం లేని గుర్తుల వరస వస్తుంది. పోలికలు చూసే సాఫ్ట్‌వేర్‌కూ అంతే కనిపిస్తుంది. కాబట్టి యూనికోడ్‌లో నిజాయితీగా రాసినవాడికి ఎంతో కొంత శాతం వస్తుంది, అనులో పక్కవాడి అధ్యాయం మళ్లీ టైపు చేయించినవాడు సున్నాతో బయటపడే వీలుంది.

దీనివల్ల జరిగే అసలు నష్టం వేరే ఉంది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగలో దేశమంతటి పీహెచ్‌డీ గ్రంథాలు ఉచితంగా చదవొచ్చు. అందులో తెలుగువీ చాలా ఉన్నాయి. కానీ లోపలి పాఠం వెతకడానికి చిక్కకపోతే, చెరువు సామెతల మీద ముప్పై ఏళ్ల కిందట ఎవరో చేసిన పని ఇవాళ్టి విద్యార్థికి తెలిసే దారి లేదు. శీర్షికలో ఆ మాట ఉంటే దొరుకుతుంది, 'సమగ్ర పరిశీలన' అని ఉంటే మూడో అధ్యాయంలో ఏముందో ఎవరికి తెలుస్తుంది? అదే పని మళ్లీ మొదటి నుంచి జరుగుతుంది. నవల మళ్లీ మళ్లీ పుట్టడానికి బద్ధకం ఎంత కారణమో ఫాంటు కూడా అంత కారణం.

ఇప్పుడు ఏఐ చాట్‌బాట్లు వచ్చాయి. ఉపోద్ఘాతం, లక్ష్యాలు, పద్ధతి అన్న మూసలో రాయమంటే అవి మన విద్యార్థి కంటే బాగా రాస్తాయి, ఎందుకంటే ఆ మూసలో సొంత ఆధారం అక్కర్లేదు. ఆధారాలు ఇమ్మంటే ఇస్తాయి కూడా. పుస్తకం పేరు పొందిగ్గా ఉంటుంది, రచయిత తెలిసినాయనే, పేజీ నంబరు సహా ఉంటుంది, వెతికితే ఒక్కోసారి పుస్తకమే ఉండదు. గట్టు మీద సీసాలో గోధుమ రంగు దిగిందా, తెల్లగా ఉండిపోయిందా అన్నది మాత్రం వాటికి తెలియదు. అరుగు మీద ఆయన కౌలు సంగతి చెప్పేముందు ఎటు చూశాడో అదీ తెలియదు. అంటే చాట్‌బాట్ దెబ్బకు ముందుగా ఖాళీ అయ్యేది టాపిక్ ఇచ్చి పేజీలు అడిగే పద్ధతే. అది ఖాళీ అయితే బాధపడేవాళ్లు తక్కువే ఉండొచ్చు.

భాష సంగతి ఒకటి మిగిలింది. ఎక్కువ కాలేజీల్లో సర్వే తెలుగులో జరుగుతుంది, రిపోర్టు ఇంగ్లిష్‌లో ఉండాలి. రైతు 'ఈ ఏడు గిట్టలేదు' అంటాడు. గిట్టడంలో పెట్టుబడి, ఇంటిల్లిపాదీ చేసిన చాకిరీ, కౌలు బస్తాలు, వడ్డీ అన్నీ పోను ఏమైనా మిగిలిందా అన్న లెక్క మొత్తం ఉంది. రిపోర్టులో అది లాభాలు సంతృప్తికరంగా లేవు అన్న అర్థమిచ్చే ఒక ఇంగ్లిష్ ముక్కగా మారి, ఆ తర్వాత అయిదు గళ్ల పట్టికలో ఒక టిక్ అవుతుంది. విద్యార్థికి నిజంగా తెలిసిందీ, ఇంకెవరికీ తెలియనిదీ అక్కడే జారిపోతుంది. ఇంటర్వ్యూ మాటలు తెలుగులోనే, అన్నవి అన్నట్టుగా నోట్‌బుక్‌లో రాసుకుని, రిపోర్టు చివర అనుబంధంగా పెట్టమంటే అదనపు ఖర్చేమీ లేదు.

వైవా గదుల్లో తరచూ కనిపించే దృశ్యం ఒకటుంది. స్పైరల్ బైండింగ్ చేసిన రిపోర్టు బల్ల మీద ఉంటుంది. పద్ధతి గురించి అడిగితే అమ్మాయి బట్టీ పట్టిన ఇంగ్లిష్ వాక్యాలు రెండు చెప్పి ఆగిపోతుంది. ఎక్స్‌టర్నల్ విసుగొచ్చి, 'సరేనమ్మా, చెరువు దగ్గరికి ఎప్పుడెళ్లావు, నీళ్లున్నాయా?' అంటారు తెలుగులో. అప్పుడు మొదలవుతుంది. కింది తూము పూడుకుపోయింది సర్, పైవాళ్లు మోటార్లు పెట్టుకున్నారు, చేపల సొసైటీ వాళ్లు నీళ్లు వదలనివ్వరు, కిందటి వానకు మరువ పారింది కానీ కాలవకు గండి ఉంది కాబట్టి చివరి పొలాలకు అందలేదు, మా పెద్దనాన్న వాళ్లది ఆ చివరే. పది నిమిషాలు ఆగకుండా చెబుతుంది. ఆయన వింటూ రిపోర్టు పేజీలు తిప్పుతారు, ఇది ఎక్కడ రాశావని అడగడానికి. 64 పేజీల్లో ఎక్కడా ఉండదు.